పాత స్టీరియో ఆంప్లిఫయర్‌ని బాగు చేయించాలా, కొత్తది కొనాలా? ముందు దాన్ని ఎన్ని చేతులు తాకాయో చూడండి

అటక మీద నుంచి పాత ఆంప్లిఫయర్ దించినవాళ్లు ఎవరైనా మొదట అడిగేది "బాగు చేయిస్తే ఎంతవుతుంది?" అనే. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదట తెలుసుకోవాల్సింది, ఈ సెట్టుని ఇంతకుముందు ఎవరైనా ఇప్పారా, ఇప్పితే లోపల ఏం చేశారు అన్నది. మా ఇంట్లోవి, చుట్టాలవి, స్నేహితులవి కలిపి పది దాకా పాత సెట్లు దగ్గరుండి బాగు చేయించాను. నేను మెకానిక్‌ని కాను, మల్టీమీటర్ పట్టుకోవడం, చిన్నచిన్న సోల్డరింగ్ చేసుకోవడం వరకు వచ్చు. ఇన్ని చూశాక నాకు గట్టిగా అనిపించిందేమిటంటే, ఎవరూ చెయ్యి పెట్టని సెట్టు మూగబోయి ఉన్నా ధైర్యంగా బాగు చేయించుకోవచ్చు, నలుగురు చేతులు పెట్టిన సెట్టు చక్కగా పాడుతున్నా సరే జాగ్రత్తపడాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చూస్తారు, పాడుతోంది కదా అని కొంటారు, పాడటం లేదు కదా అని పాత సామాన్ల వాడికి తూకానికి వేస్తారు.

మన ఇళ్లలో కనబడే సెట్లు ఎక్కువగా మూడు రకాలు. 1970ల చివర, 80ల మొదట్లో కువైట్ నుంచి, దుబాయ్ నుంచి, సౌదీ నుంచి వచ్చిన జపాన్ సెట్లు ఒక రకం. సాన్సుయ్, పయనీర్, అకాయ్, కెన్‌వుడ్, యమహా లాంటివి, కోనసీమలోనూ కడప వైపూ కరీంనగర్, నిజామాబాద్ వైపూ ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి. మన దేశంలోనే తయారైన సోనోడైన్, కాస్మిక్, నార్జ్, ఫిలిప్స్ సెట్లు రెండో రకం. ఊళ్లో రేడియో మెకానిక్ రేకు డబ్బాలో బిగించి ఇచ్చిన అసెంబుల్డ్ సెట్లు మూడో రకం, లోపల 2ఎన్3055 ట్రాన్సిస్టర్లో, ఎస్‌టీకే ఐసీయో ఉంటుంది. ఈమధ్య అమెరికా నుంచి వస్తూ మరాంట్జ్ 2270 లాంటివి సామాన్లలో పెట్టుకుని తెచ్చుకుంటున్నవాళ్లూ ఉన్నారు. వాల్వు సెట్ల జోలికి ఇక్కడ పోవడం లేదు, వాటి లోపల 300 వోల్టుల దాకా, కొన్నిట్లో అంతకంటే ఎక్కువే డీసీ ఉంటుంది, ఆ పని వేరు, ఆ పని తెలిసిన మనుషులు వేరు.

మా పెదమామయ్య సెట్టు సంగతి

అమలాపురం దగ్గర మా అమ్మవాళ్ల ఊళ్లో మా పెదమామయ్య 1982లో కువైట్ నుంచి తెచ్చిన జపాన్ సెట్టు ఒకటి ఉంది, ఒక్కో చానల్‌కి 40 వాట్లు. దాదాపు పదిహేనేళ్లు అది మూగగానే ఉంది. లైటు వెలుగుతుంది, రిలే (బాక్సులకి దారి కలిపే, లోపల తప్పుంటే తెంపేసే స్విచ్) టిక్కుమంటుంది, సౌండు మాత్రం రాదు. ఇద్దరు మెకానిక్‌లు ఇంటికొచ్చి చూసి "ఐసీ పోయింది, షాపుకి పంపండి, వారం పడుతుంది" అన్నారట. మామయ్య పంపలేదు. లోపలి ఒరిజినల్ సరుకు తీసేసి వేరేది పెట్టేస్తారేమోనని ఆయన భయం. అప్పట్లో ఇంట్లోవాళ్లందరూ దాన్ని మొండితనం అనుకున్నారు కానీ ఆ సెట్టు ఈరోజు పాడుతోందంటే కారణం ఆ మొండితనమే.

మూడేళ్ల కిందట రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాం, డెబ్బై దాటిన మనిషి, మైక్‌సెట్ల కాలం నుంచి ఇదే పని. ఆయన మూత ఇప్పలేదు. సెట్టుని వెనక్కి తిప్పి, టార్చి వేసి, వేలితో సాకెట్లు తడుముతూ వచ్చి ఒకచోట ఆగారు. ప్రీ అవుట్, మెయిన్ ఇన్ అని రెండు జతల సాకెట్లుంటాయి, ఆ రెంటినీ కలుపుతూ యూ ఆకారంలో చిన్న ఇనుప పిన్నులుంటాయి. అవి లేవు! ఎప్పుడో సంక్రాంతికి సున్నాలు వేసినప్పుడు ఎవరో పీకి పక్కన పెట్టి ఉంటారు. సెట్టు ముందు సగం నుంచి వెనక సగానికి దారే లేదన్నమాట. ఆయన కరెంటు వైరు ముక్క నుంచి దళసరి రాగితీగ తీసి, రెండు చోట్లా వంచి గుచ్చారు. పదిహేనేళ్ల తర్వాత ఎడమ బాక్సులోంచి పాట వచ్చింది, కుడి బాక్సులోంచి గరగర వచ్చింది. అప్పుడు మూత ఇప్పి, లోపల ఏకంగా పేరుకున్న దుమ్ము పొర చూసి, "ఇంతవరకు దీన్ని ఎవరూ ముట్టుకోలేదండి, అదే దీని అదృష్టం" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా ఎక్కలేదు.

ఎక్కింది ఏడాది తర్వాత. హైదరాబాద్‌లో నాతో పనిచేసే స్నేహితుడు సెకండ్ హ్యాండ్‌లో ఒక మెరిసిపోయే సెట్టు కొన్నాడు. ముందు పలక కొత్తదానిలా ఉంది, సౌండు బ్రహ్మాండం. ఏడు వారాలకి ఒక రాత్రి పెద్ద హమ్ కొట్టి, ఎడమ బాక్సు వూఫర్ కాయిల్ కాలిపోయింది. ఇప్పి చూస్తే లోపల నాలుగు రకాల టంకం, రెండు చానళ్లలో రెండు వేర్వేరు నంబర్ల ట్రాన్సిస్టర్లు, రక్షణ రిలే కాళ్లని తీగతో కలిపేసి ఉన్నాయి. రిలే మాటిమాటికీ పడిపోతోందని ఎవరో దాన్నే లేకుండా చేసేశారు. రిలే పడిపోతోందంటే లోపల తప్పు ఉందని సెట్టు చెబుతోంది, ఆ నోరు మూసేసి అమ్మేశారు. ఆ సెట్టు మీద వాడికి పదిహేను వేలు దాటింది, ఇప్పటికీ కుడి చానల్‌లో సన్నని మోత ఉంది. మా మామయ్య సెట్టుకి సామాన్లు, కూలీ కలిపి తొమ్మిది వేల దగ్గర తేలింది.

సెట్టుని ముందుగా మీరే ఎలా చూడాలి

మూత ఇప్పకముందు స్క్రూలు చూడండి. తలలు గీరుకుపోయి ఉన్నా, ఒక్కో స్క్రూ ఒక్కో రకంగా ఉన్నా చేతులు పడ్డాయన్నమాట. మూత తీశాక బోర్డు కింద టంకం చూడండి, ఫ్యాక్టరీ టంకం అంతటా ఒకే తీరుగా పాతబడి ఉంటుంది, తర్వాత వేసింది మెరుస్తూ, చుట్టూ గోధుమరంగు జిగురు కాలిన మరకతో ఉంటుంది. కెపాసిటర్లలో (మన మెకానిక్‌లు కండెన్సర్లంటారు) కొన్ని ఒక రంగు, కొన్ని ఇంకో రంగు ఉంటే అదీ ఒక గుర్తే. ఒకటి రెండు చోట్ల శుభ్రంగా చేసిన రిపేరు తప్పేం కాదు, మంచి మెకానిక్ చెయ్యి చూస్తేనే తెలుస్తుంది. భయపడాల్సింది తెగిన రాగి దారుల మీద అతికించిన వైరు ముక్కలూ, ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకులూ, వేడిని లాగేసే లోహపు హీట్‌సింక్ మీద, మధ్యలో కరెంటు దాటకుండా అడ్డుపెట్టే మైకా రేకు లేకుండా బిగించిన ట్రాన్సిస్టర్లూ కనబడితే.

కరెంటు తీసేసిన వెంటనే లోపల చేతులు పెట్టకండి. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో 40, 60 వోల్టుల డీసీ కాసేపు నిలవ ఉంటుంది, స్క్రూడ్రైవర్ జారిందంటే సెట్టుకీ మీకూ మంచిది కాదు.

ఏళ్లతరబడి వాడని సెట్టుని నేరుగా ప్లగ్గులో పెట్టకండి. పాత రేడియో షాపుల్లో సీరీస్ బోర్డు అని ఉండేది, 60 వాట్లదో 100 వాట్లదో తీగ బల్బు ఒకటి సెట్టుతో సీరీస్‌లో వచ్చేట్టు. బాక్సులు తగిలించకుండా ఈ బోర్డు ద్వారా ఆన్ చేస్తే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారుతుంది, అంటే లోపల పెద్ద షార్టు లేదు. వెలుగు తగ్గకుండా నిలబడిపోతే వెంటనే తీసేయండి, లోపల ఏదో షార్టయింది, బల్బు లేకపోతే ఆ కరెంటంతా ట్రాన్స్‌ఫార్మర్‌ మీద పడి ఉండేది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, తీగ బల్బే కావాలి. బల్బుతో ఉన్నప్పుడు వోల్టేజి తక్కువగా అందుతుంది కాబట్టి రిలే టిక్కుమనకపోవచ్చు, దానికి కంగారు పడనక్కర్లేదు.

తర్వాత, బల్బు లేకుండా ఆన్ చేసి రిలే టిక్కుమన్నాక, బాక్సులు తగిలించేముందు, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిది, 100 దాటితే లోపల పని ఉంది, వోల్టుల్లో ఉంటే బాక్సు తగిలించారంటే వూఫర్ పోతుంది. ఒక మామూలు మల్టీమీటర్‌తో అయిదు నిమిషాల పని ఇది, సెకండ్ హ్యాండ్ సెట్టు కొనేటప్పుడైతే మీటరు జేబులో పెట్టుకునే వెళ్లండి, కొలవనివ్వనంటే ఆ బేరం వదిలేయండి.

సౌండు రాని ప్రతి సెట్టూ చెడిపోయింది కాదు. టేప్ మానిటర్ బటన్ నొక్కి ఉంటే టేపులోంచి పాట వస్తుందేమోనని సెట్టు ఎదురుచూస్తూ ఉంటుంది, అంతే. స్పీకర్ సెలెక్టర్ బీ మీద ఉండి బాక్సులు ఏలో తగిలించి ఉండటం కూడా మామూలే. ఒక చానల్ రాకపోతే ముందు ఎడమ కుడి వైర్లు మార్చి చూడండి, మూగతనం బాక్సుతోపాటు అటు వెళ్లిందా, సెట్టు దగ్గరే ఆగిందా తెలుస్తుంది. వాల్యూమ్ తిప్పితే గరగర రావడం, వాల్యూమ్ పెంచితేగానీ ఒక చానల్ మేలుకోకపోవడం, ఈ రెండూ చాలాసార్లు మురికి పట్టిన నాబ్‌లూ స్విచ్‌లూ రిలే కాంటాక్టులే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్ఫై నలభై సార్లు అటూ ఇటూ తిప్పితే సగం రోగాలు అక్కడే పోతాయి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే మాత్రం కొట్టకండి, ఆ జిడ్డుకి దుమ్ము అంటుకుని ఆరు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది.

బాక్సుల సంగతి కూడా మరిచిపోవద్దు. పాత బాక్సుల్లో వూఫర్ చుట్టూ ఫోమ్ అంచు ఉంటే మన ఎండకీ తేమకీ పొడిపొడిగా రాలిపోతుంది, బేస్ లేదని అందరూ సెట్టుని అంటారు. ఆ అంచు మార్చుకోవచ్చు, సెట్టు ఇప్పనక్కర్లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు

మొదటి దారి, శుభ్రం చేయించి ఉన్న తప్పు ఒక్కటీ సరిచేయించి వాడుకోవడం. రెండో దారి, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చి, రిలే మార్చి, బయాస్ (పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు) సెట్ చేయించి పూర్తిగా పునరుద్ధరించడం. మూడోది, లోపలి బోర్డు పీకేసి కొత్త బోర్డు పెట్టించడం. నాలుగోది, ఉన్నదున్నట్టు అమ్మేసి కొత్త ఆంప్లిఫయర్ కొనుక్కోవడం.

మొదటి రెండింటి మధ్యే ఎక్కువమంది ఊగిసలాడతారు. నలభై యాభై ఏళ్ల సెట్టులో కెపాసిటర్లు మార్చాల్సిందేనని కొందరు, పనిచేస్తుంటే ముట్టుకోవద్దని కొందరు అంటారు. నా లెక్క వాడకాన్ని బట్టి ఉంటుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల తడి రసాయనం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఆరిపోతుంది, వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని ఆ రంగంలో ఒక లెక్క. అందుకే హీట్‌సింక్ పక్కనున్నవి ముందు పోతాయి, దూరంగా ఉన్నవి ఇంకా బాగానే ఉంటాయి. వారానికోసారి ఆదివారం పొద్దున రెండు గంటలు వినే సెట్టయితే, డీసీ, బయాస్ సరిగ్గా ఉంటే, మోత లేకపోతే, మొదటి దారి చాలు, ఏడాదికోసారి మీటరు పెట్టి చూసుకోండి. రోజూ నాలుగైదు గంటలు మోగించేవాళ్లు, ఖరీదైన బాక్సులు తగిలించేవాళ్లు మాత్రం పూర్తిగా చేయించండి, ఎందుకంటే ఆ సెట్టు పోతే ఒక్కతే పోదు, బాక్సుని వెంటబెట్టుకుని పోతుంది.

ఇంకో మాట, కొన్ని సెట్లలో కెపాసిటర్ల కంటే ముందు చూడాల్సినవి వేరే ఉంటాయి. 70ల సాన్సుయ్, యమహా సెట్లలో పెద్ద భాగాలు కదలకుండా పూసిన పసుపు జిగురు వయసు మీదపడి గోధుమరంగుకి తిరిగి, కరెంటు పారనిచ్చేట్టు అయిపోతుంది, పక్కనున్న కాళ్లని తుప్పులా తినేస్తుంది. దాన్ని గీకి తీయకుండా కెపాసిటర్లు ఎన్ని మార్చినా లాభం లేదు. ఆ కాలం సెట్లలో చాలావాటిలో 2ఎస్ఏ726 అనే చిన్న ట్రాన్సిస్టర్ ఉంటుంది, పాటలు లేనప్పుడు చిటపటలు, సరసరలు వస్తున్నాయంటే మొదటి అనుమానం దాని మీదే, కేఎస్ఏ992తో మారుస్తారు, ఖర్చు టీ డబ్బులంత. అయితే కాళ్ల వరుస వేరుగా ఉండొచ్చు, చూసుకుని పెట్టే మనిషి కావాలి. బయాస్ సరిచేసే చిన్న ప్రీసెట్లు తెరిచి ఉన్న రకమైతే అవి కూడా మార్చేయడమే మంచిది, లోపలి మురికికి కాంటాక్టు వదిలిందంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు నిమిషంలో కాలిపోవచ్చు.

పునరుద్ధరణని ఆపేసేవి రెండే. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం ఒకటి. మన ఊళ్లలో వైండింగ్ షాపులున్నాయి, చుట్టించుకోవచ్చు, కానీ పాత చుట్లు లెక్కపెట్టి అంతే గేజి రాగితీగతో చుట్టేవాళ్లు తక్కువ, చవగ్గా అవుతుందని అల్యూమినియం తీగ వేస్తే వేడెక్కుతుంది. రెండోది, దొరకని పవర్ ఐసీ. పయనీర్ ఎస్‌ఎక్స్-780 లాంటి వాటిలో సాన్యో తయారుచేసిన ఎస్‌టీకే-0050 ఉంటుంది, దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది, ఇప్పుడు ఆ పేరుతో ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో నకిలీలు ఎక్కువ. ఆ ఐసీ మంచిగా ఉన్న సెట్టయితే పదిలంగా వాడుకోండి, పోయిందయితే బాగా ఆలోచించి డబ్బు పెట్టండి. విడి ట్రాన్సిస్టర్లతో చేసిన సెట్టుకి ఈ ఇబ్బంది ఉండదు, ఒకటి దొరక్కపోతే దానికి సరిపోయేది ఇంకోటి దొరుకుతుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలోనూ నకిలీలు విపరీతం, 2ఎస్‌సీ5200, 2ఎస్ఏ1943 జత అయితే మరీను, కాబట్టి కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నా ధర మరీ తక్కువ చెబితే అక్కడే ఆగండి. ఒకటి పోయినా జతగా మార్చాలి, వీలైతే రెండు చానళ్లూ.

మూడో దారి గురించి గట్టిగానే చెబుతాను. జపాన్ సెట్టు లోపలి బోర్డు పీకి అందులో వెయ్యి రూపాయల కొత్త బోర్డు పెట్టించడం చాలామంది మెకానిక్‌లు ఇచ్చే సలహా, వాళ్లకి రెండు గంటల పని, మీకు వెంటనే సౌండు. కానీ ఆ సెట్టు అక్కడితో అయిపోయినట్టే. ఎందుకంటే అది మళ్లీ వెనక్కి రాదు, దాని టోన్ కంట్రోళ్లు, ఫోనో స్టేజి (రికార్డు ప్లేయర్ ఇచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే భాగం), రక్షణ రిలే అన్నీ ఆ బోర్డుతో ముడిపడి ఉంటాయి. ఊళ్లో మెకానిక్ అసెంబుల్ చేసిన సెట్టుకి మాత్రం ఇదే సరైన దారి. అది మొదట్నుంచీ దొరికిన సామాన్లతో కట్టిన సెట్టే, 2ఎన్3055లు ఇప్పటికీ దొరుకుతాయి, ఎస్‌టీకే పోతే బోర్డు మార్చి అదే డబ్బాలో, మీ నాన్నగారు తిప్పిన అవే నాబ్‌లతో ఇంకో ఇరవై ఏళ్లు వాడుకోవచ్చు. దాన్ని పునరుద్ధరిస్తామని వేలకు వేలు పెట్టనక్కర్లేదు.

కొత్తది కొంటే

కొత్తవాటిలో రెండు మెట్లున్నాయి. అరచేతిలో పట్టే క్లాస్ డీ ఆంప్లిఫయర్లు, ఐయిమా ఏ07, ఫోసీ వీ3 లాంటివి, రెంటిలోనూ టీపీఏ3255 అనే చిప్ ఉంటుంది. పెట్టె మీద 300 వాట్లని చూసి మోసపోకండి. 32 వోల్టుల అడాప్టర్‌తో 8 ఓమ్‌ల బాక్సుకి లెక్క వేసినా 64 వాట్లు దాటదు. అదేం తక్కువ కాదు, నిజానికి ఒక గదికి ఎక్కువే. 50 వాట్ల నుంచి 100కి వెళ్తే పెరిగే సౌండు 3 డెసిబెల్సే, చెవికి కొంచెం పెరిగినట్టు అనిపిస్తుందంతే. వేడెక్కవు, కరెంటు తక్కువ తాగుతాయి, పోతే కొత్తది కొనుక్కోవడమే. కానీ ఏ07లో ఇన్‌పుట్ ఒక్కటే, రికార్డు ప్లేయర్‌ని నేరుగా తగిలించడానికి ఫోనో ఈ రెంటిలోనూ లేదు. ఇంకో మెట్టులో యమహా ఏ-ఎస్301 లాంటి పెద్ద సెట్లు, 60 వాట్లు, ఫోనో ఉంది, టీవీ నుంచి వచ్చే ఆప్టికల్ వైరు కూడా పడుతుంది.

టీవీ, ఫోను, సినిమాలు మీ వాడకమైతే, ఇంట్లో అందరూ ఒకే రిమోట్‌తో నడపాలంటే, కొత్తది కొనండి, పాతదాన్ని బలవంతంగా ఆ పనికి పెట్టకండి. రికార్డులూ క్యాసెట్లూ ఉన్నవాళ్లకి పాత జపాన్ సెట్టు ఫోనో స్టేజి ఒక్కటే చాలు బాగు చేయించడానికి, దాన్ని విడిగా కొనాలంటే మళ్లీ ఒక పెట్టె, ఒక అడాప్టర్.

పాత సెట్టుకి ఫోను తగిలించాలంటే బ్లూటూత్ రిసీవర్ ఒకటి కొని ఆక్స్‌లోనో టేప్ ఇన్‌లోనో పెట్టండి, ఫోనోలో పెట్టొద్దు. ఆ కాలం ఆక్స్ ఇన్‌పుట్లకి 150 మిల్లీవోల్టులొస్తే చాలు, ఇప్పటి పరికరాలు 2 వోల్టుల దాకా ఇస్తాయి, అందుకే నాబ్ కొంచెం తిప్పగానే ఇల్లు అదిరిపోతుంది. సెట్టుకి పిచ్చెక్కలేదు, ఫోనులో వాల్యూమ్ తగ్గించి పెట్టుకోండి. ఫిలిప్స్ లాంటి వాటిలో వెనక అయిదు కాళ్ల డిన్ సాకెట్ ఉంటే దానికి మారే వైరు దొరుకుతుంది.

వోల్టేజి, ఇది మాత్రం తప్పక చూడండి

గల్ఫ్ సెట్లలో చాలావాటికి వెనక 110, 120, 220, 240 అని తిప్పే సెలెక్టర్ ఉంటుంది. సౌదీలో ఇళ్లకి చాలాకాలం 127 వోల్టులు ఉండేది కాబట్టి అక్కడి నుంచి వచ్చిన సెట్టు ఎక్కడ పెట్టి ఉందో చూడకుండా ప్లగ్గులో పెట్టారంటే ఒక్క క్షణంలో అయిపోతుంది. మన లైను 235, 240 ఉండే ఇంట్లో 220 మీద కాకుండా 240 మీదే పెట్టుకోండి, లోపలి వోల్టేజీలు తగ్గి కెపాసిటర్లకి సుఖంగా ఉంటుంది. జపాన్‌లో అక్కడివాళ్లకే అమ్మిన సెట్లు 100 వోల్టులవి, అమెరికావి 120వి. అవి కొనేటప్పుడు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా కలుపుకోండి, సెట్టు వెనక రాసిన వాట్లకి రెట్టింపు తీసుకుంటే వేడెక్కదు. 60 హెర్ట్జ్‌కి మాత్రమే చేసిన అమెరికా ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఇంకా కొంచెం వేడెక్కుతుంది, అందుకే ఆ సెట్లకి నేను ఎక్కువ డబ్బు పెట్టమని చెప్పను. సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లు చాసిస్ తుప్పు, స్విచ్‌ల నలుపు ముందు చూసుకోవాలి, బొద్దింకలూ ఎలకలూ ఎక్కడైనా ఒకటే, లోపల వైర్లు కొరికాయేమో చూడండి.

మరి మీ సెట్టుకి ఏ దారి

ఎవరూ ఇప్పని జపాన్ సెట్టు, విడి ట్రాన్సిస్టర్లది, ట్రాన్స్‌ఫార్మర్ బాగుంది, పాడినా పాడకపోయినా బాగు చేయించండి, వెనకాడొద్దు. నలుగురు చేతులు పడిన సెట్టు మీ ఇంటిదే, జ్ఞాపకం ఉంది అంటే, ముందు ఇలా మాట్లాడుకోండి: ఇప్పి చూసి చెప్పడానికి ఇంత, ఆ తర్వాత చేయాలా వద్దా మీరు తేల్చుకుంటారు. దాన్ని కొనబోతున్నట్లయితే కొనకండి, ఎంత మెరిసినా. సోనోడైన్ లాంటి మన సెట్లు మంచి స్థితిలో ఉంటే చేయించుకోవచ్చు, కానీ అమ్మేటప్పుడు జపాన్ సెట్లంత ధర రాదు, మీరు వినడానికే చేయించుకోండి. అమ్మాలని అనుకుంటే అసలు ఏమీ చేయించకుండా దుమ్ము దులిపి అమ్మండి, తెలిసినవాళ్లు ముట్టుకోని సెట్టుకే ఎక్కువ ఇస్తారు, మీరు పెట్టిన రిపేరు డబ్బు వెనక్కి రాదు.

మెకానిక్ దొరకడం అన్నింటికంటే కష్టం, తొందరపడొద్దు. నేను మూడు అడుగుతాను: సీరీస్ బల్బు వాడతారా, బయాస్ ఎక్కడ కొలుస్తారు, తీసిన పాత భాగాలు నాకిస్తారా. మొదటి రెంటికీ తడుముకోకుండా జవాబొచ్చి, మూడోదానికి "అలాగే" అంటే సెట్టు అప్పజెప్పొచ్చు. ఒకేసారి అన్నీ మార్చొద్దని కూడా చెప్పండి, ఒక బోర్డు చేసి, ఆన్ చేసి చూసి, తర్వాత ఇంకో బోర్డు. అన్నీ ఒక్కసారే మార్చి ఆన్ చేస్తే సౌండు రాకపోతే ఎక్కడ తప్పు జరిగిందో వెతకడానికి వారం పడుతుంది, ఆ వారంలో విసుగెత్తి ఎవరో ఒకరు దాన్ని పాడుచేస్తారు. కెపాసిటర్లు 105 డిగ్రీల రకం, నిచికాన్, పానాసోనిక్ లాంటివి పెట్టమనండి, వోల్టేజి పాతదానికి తగ్గకూడదు, విలువ అంతే లేదా కొంచెం ఎక్కువ. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లని మరీ రెట్టింపు విలువకి పెంచితే ఆన్ చేసినప్పుడు స్విచ్ మీద, డయోడ్‌ల మీద దెబ్బ పడుతుంది.

రాజమండ్రి పెద్దాయన మామయ్య సెట్టు నాలుగు రోజులు మా ఇంట్లోనే కూర్చుని చేశారు. తీసిన కెపాసిటర్లు నలభై ఆరు, అన్నీ ఒక పాలిథీన్ కవరులో కట్టి మామయ్య చేతికిచ్చారు. మూత బిగించేముందు నోటు పుస్తకంలోంచి చిన్న కాగితం చింపి, పెన్సిల్‌తో తారీఖు, ఎడమ 11 మిల్లీవోల్టులు, కుడి 14 అని డీసీ రాసి, కింద బయాస్ రాసి, మూత లోపలివైపు అంటించారు. తర్వాత వచ్చే మెకానిక్ ఇది చూసి మొదలుపెడతాడండి అన్నారు. మామయ్య సంచిలోంచి కొత్త ఇత్తడి పిన్నులు రెండు తీసి (ఎక్కడ చేయించారో చెప్పలేదు) వెనక రాగితీగలు తీయించి అక్కడ పెట్టించారు. మొన్న సంక్రాంతికి సున్నాలు వేసేటప్పుడు సెట్టు వెనక భాగం మొత్తం ప్లాస్టిక్ కవరు చుట్టి, తాడు కట్టి ఉంచారు.